ఊడిరాని ఇరుసులు

మా బావ దామోదరానికి మనుషుల మీద కన్నా ఇనుము మీద మక్కువ ఎక్కువ. ఈ మాట నేను కోపంగానే అంటున్నాను. ఆయన మా అక్క కాంచనను చేసుకున్నప్పటి నుంచి చూస్తున్నాను కదా. ఇంట్లో కుక్కరు పిడి ఊడితే నెలల తరబడి పట్టించుకోడు. తుప్పు పట్టిన నట్టు ఒకటి రోడ్డు మీద కనిపిస్తే మాత్రం మోపెడ్ ఆపి, దిగి, ఊది, జేబులో వేసుకుంటాడు. పాండూరులో వేరుశెనగ పండించే రైతు జేబులో నట్లెందుకని అడిగితే, "ఉంటే పనికొస్తాది మురళీ" అంటాడు. పనికొచ్చిన రోజు నేను చూడలేదు.

ఈ పిచ్చికంతా మూలం పశువుల కొట్టంలో ఒక పక్కనున్న మిలిటరీ జీపు. బావ తండ్రి మునిరత్నం నాయుడు ఎప్పుడో సైన్యం వాళ్లు వేలం వేస్తే కొన్నాడట. ఆయన ఉన్నన్నాళ్లూ ఆ స్టీరింగు మీద ఇంకొకరి చెయ్యి పడలేదు. మా బావ ట్రాక్టరుతో ఇరుకు గట్ల మీద కూడా ఇట్టే పోగలడు. అయినా జీపు తాళం అడిగితే పెద్దాయనది ఒకటే మాట: "నీ చేతికి బండి నిలవదురా. పోయి ట్రాక్టరు తోలుకో." పెళ్లయినా అదే మాట, తల నెరిసినా అదే మాట, అదీ నలుగురి ముందు. మా బావ ఆ సంగతి నవ్వుతూనే చెప్పేవాడు. చెప్పాక మాత్రం కాసేపు ఎవరి ముఖమూ చూసేవాడు కాదు.

పెద్దాయన పోయాక జీపు ఉన్నచోటే ఉండిపోయింది. కొట్టం పై రేకులు కారి, జీపు వెనక చక్రాలు బిగుసుకుపోయాయి. అలా ఎన్నాళ్లుండేదో గానీ, పోయిన ఏడు బావ తల్లి అలివేలమ్మ అత్త ఒక కోరిక కోరింది. ఆమెకు మోకాళ్ల నొప్పులు.

"తిరుత్తణి కొండ ఇంగొక్కసారి చూడాలని ఉందిరా. బస్సు ఎక్కలేను. కారులో కూచుంటే కడుపులో తిప్పతాది. మన జీపులో పిల్చుకోని పోరా."

కొండ పైదాకా రోడ్డుంది. జీపుంది. అమ్మ నోరు తెరిచి అడిగింది. తండ్రి పనికిరాదన్న చేత్తోనే తల్లిని కొండ ఎక్కించాలి. మా బావ ఇంత గట్టిగా ఇంకేదీ కోరుకోగా నేను చూడలేదు. అందుకే తిడుతూనే వెంట తిరిగాను.

తిరువళ్లూరు నుంచి పచ్చయ్యప్పను పిలిపించాడు. లారీల మెకానిక్కు, మంచివాడు, కానీ చేతిలో సమ్మెట లేకపోతే ఆయనకు మాట కూడా సరిగా రాదు. ఇంజను తొందరగానే దారికొచ్చింది. చిక్కంతా వెనక చక్రాల దగ్గరే. లోపల బేరింగులు తుప్పుపట్టి పోయాయి. అవి మార్చాలంటే చక్రం నడిమి దిమ్మ, అంటే హబ్బు, ఊడాలి, హబ్బు ఊడాలంటే ముందు ఇరుసు బయటికి రావాలి. ఈ జీపులో ఇరుసు చివర అరచెయ్యంత ఇనుప బిళ్ల ఉంటుంది. దాన్ని హబ్బుకు బోల్టులతో బిగిస్తారు. బోల్టులు తీసి బిళ్లను లాగితే పొడుగాటి ఇరుసు మొత్తం జారి చేతికి రావాలి. బోల్టులు వచ్చాయి. బిళ్ల రాలేదు. రెండో పక్కా అదే వరస.

డీజిలు పోసి నానబెట్టారు. ఉలి పెట్టి చూశారు. సమ్మెట దెబ్బలకు ఆవు పాలివ్వడం తగ్గించిందని మా అక్క అరిచింది. ఒకరోజు గొలుసు కట్టి ట్రాక్టరుతో లాగారు. ఇరుసు రాలేదు గానీ జీపే పక్కవాటుగా ఈడ్చుకుంటూ కొట్టం బయటికి వచ్చేసింది. నేను పగలబడి నవ్వాను. మా బావ ఆ వారమంతా నాతో మాట్లాడలేదు.

చివరికి పచ్చయ్యప్ప చేతులెత్తేశాడు. "అన్నా, ఇంగ ముడియాదు, మన వల్ల కాదు. గ్యాసు పెట్టి కోసేద్దాం."

"కోస్తే?"

"కోస్తే చక్రాలు తిరగతాయి. ఇంజను బలం మాత్రం వాటికి అందదు. తోసుకుంటా పోవచ్చు."

అలాంటి ఇరుసు వేరేది దొరుకుతుందేమోనని మా బావ ఎక్కడెక్కడికో ఫోన్లు చేశాడు. అందరూ చూస్తామన్నారు, ఎవరూ చూడలేదు. ఇలా కొట్టంలో కుళ్లేకన్నా ఏదో ఒకటి తేలిపోనీ అని, చివరికి ఆయనే పచ్చయ్యప్పను ఆదివారం రమ్మన్నాడు.

ఆదివారం గ్యాసు సిలిండర్లు దిగాయి. అత్త కుర్చీ వేయించుకొని కూర్చుంది. మా బావ చావు ఇంట్లో కూర్చున్నట్టు నేల మీద చతికిలబడ్డాడు. నాకు ఆయన్ని చూస్తే కోపమూ జాలీ ఒకేసారి వచ్చాయి. పచ్చయ్యప్ప మంట వెలిగించి వంగాడో లేదో, కాఫీ తెస్తున్న మా అక్క కేక పెట్టింది.

"పచ్చయ్యప్పా, నిలుపు! బొట్టు పెట్టిన దాని మీద అగ్గి పెడతావా?"

నిజమే, బిళ్ల మీద వెలిసిపోయిన కుంకుమ మరక ఉంది. ఏటేటా ఆయుధపూజకు పెట్టిన బొట్టు.

"కోసి పారేసేదానికి కడిగేదెందుకు కాంచనా?" అన్నాడు బావ నీరసంగా.

"కోసేదైనా కడిగే కొయ్యండి. పూజ చేసిన వస్తువు. బొట్టుతో కాలిస్తే ఇంటికి మంచిది కాదు."

మా అక్కది ఉడుంపట్టు. పూజసామాన్లు తోమేదానికి నానబెట్టిన చింతపండూ కొబ్బరిపీచూ తెచ్చి, చీర కుచ్చెళ్లు దోపుకొని చక్రం ముందు కూర్చుంది. పచ్చయ్యప్ప మంట ఆర్పి కాఫీ తాగుతూ నిలబడ్డాడు. అక్క తోమేకొద్దీ పచ్చ పెయింటు పెచ్చులుగా రాలింది. దాని కింద ఎరుపు, దాని కింద పసుపు, మళ్లీ పచ్చ. ఉన్నట్టుండి ఆమె చెయ్యి ఆగింది.

"ఒరే మురళీ, ఈడ ఏందో కన్నం ఉందిరా."

జడపిన్ను తీసి పొడిచింది. రాయిలా గట్టిపడ్డ గంధం ఉండలు ఉండలుగా రాలింది. ఇన్నేళ్లయినా వాసన పోలేదు. ఎదురు పక్కన ఇంకో కన్నం. రెండింటి లోపలా బోల్టుకు సరిపోయే మరలు. పచ్చయ్యప్ప కాఫీ లోటా కింద పెట్టేశాడు.

"అడ పావీ! ఇవే అన్నా! ఈ కన్నాల్లో బోల్టు బిగిస్తే అది హబ్బును తన్నుకోని బిళ్లను బయటికి తోస్తాది. నేను ఎతికినాను, కనపళ్లా. ఈ బండికి పెట్టలేదనుకున్నా. ఎవరు అన్నా, వీట్లో గంధం కూరింది?"

చూస్తే మా బావ చెవులు ఎర్రగా ఉన్నాయి.

"నేనే" అన్నాడు. "నాయన ఆ బండికి నన్ను చెయ్యనిచ్చిన పని అదొక్కటే గదా, బొట్టు పెట్టేది. అందుకని ఏటేటా నిండుగా పెడతా ఉంటిని. కన్నాలు బోసిగా ఉంటే బాగుండదని మెత్తినాను."

అత్త నవ్వింది. నవ్వి నవ్వి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "వీడు కూరేది, వాళ్ల నాయన దాని పైన పెయింటు పూసేది! తండ్రీకొడుకులు కలిసి చేసిన పని ఇదొకటేరా!"

మా బావ కూడా నవ్వాడు. ఇక అందరం నవ్వాం. నాకైతే ఈయనతో ఇన్నాళ్లు పడ్డ బాధంతా ఆ నవ్వుతో వసూలైపోయింది.

విప్పిన బోల్టుల్లోంచే రెండు తీసి ఆ కన్నాల్లో ఎక్కించారు. ఇటు కొంచెం, అటు కొంచెం బిగిస్తూ పోయారు. స్పానరు మా బావే పట్టాడు. ఎక్కడో టిక్కుమంది. బిళ్ల చుట్టూ వెంట్రుకవాసి సందు కనిపించింది. ఆ తర్వాత పొడుగాటి ఇరుసు నల్లటి నూనె కార్చుకుంటూ జారి ఆయన చేతుల్లోకి వచ్చింది. చంటిబిడ్డను ఎత్తుకున్నట్టు దాన్ని గుండెకు ఆనించుకున్నాడు, తెల్ల బనియను సంగతి మరిచిపోయి. "ఆ నూనె మరక ఎవురు ఉతకాల?" అని మా అక్క కసురుకుంది గానీ కళ్లు తుడుచుకుంది. రెండో పక్కది సాయంత్రానికి వచ్చింది.

బేరింగులూ బ్రేకులూ అన్నీ కొత్తవి పడ్డాక, రద్దీ లేని ఒక మంగళవారం బయలుదేరాం. ముందు సీట్లో దిండు వేసి అత్తను కూర్చోబెట్టాం. వెనక నేనూ అక్కా. బండి ఎక్కడ ఆగుతుందో, ఎవరికి ఫోన్ చేయాలో నేను ముందే ఆలోచించి పెట్టుకున్నాను. కనకమ్మసత్రం దాటింది. ఆగలేదు. కానీ మా బావ మెడ వెనక చొక్కా చెమటకు తడిసిపోయింది. లారీ ఎదురొస్తే చాలు, స్టీరింగును పీక పిసికినట్టు పట్టుకుంటున్నాడు.

కొండ రోడ్డు మొదలైంది. మొదటి మలుపు తిప్పి, "అమ్మా, బాగుండాదా?" అన్నాడు. జవాబు లేదు. రెండో మలుపులో ఇంకోసారి అడిగాడు. జవాబు లేదు. రోడ్డు మీద నుంచి చూపు తిప్పే ధైర్యం ఆయనకు లేదు. అమ్మ భయపడి బిగుసుకుపోయిందనుకున్నాడు కాబోలు, ఇక అడగలేదు. పళ్లు బిగబట్టి, గేరు మార్చి, మెల్లగా పైకి తీసుకుపోయాడు.

పైన బండి ఆపాకే పక్కకు తిరిగాడు. అత్త దిండు మీద తల వాల్చి, నోరు కొంచెం తెరుచుకొని, హాయిగా నిద్రపోతోంది.

"అమ్మా!" అని తట్టాడు కంగారుగా.

ఆమె కళ్లు విప్పి అటూ ఇటూ చూసింది. "అప్పుడే వచ్చేసినామా?"

"ఏందిమా, నిద్దరపోయినావా? భయమెయ్యలా?"

"భయమెందుకురా?" అంది కొంగు సర్దుకుంటూ. "మీ నాయన తోలితే ఒక్కనాడన్నా కన్ను మూసింది ఉందా నేను? యాడ గుంతలో దించతాడో అని కమ్మీ పట్టుకోనే కూచునేదాన్ని. ఈ పొద్దు పాండూరు దాటింది కూడా నాకు తెలీదు."

మా బావ వెంటనే దిగలేదు. అక్క చేతిలో పూలబుట్ట లాక్కొని, ఎండ ఎక్కుతోంది దిగండని అందరినీ కసిరి, నేనే ముందు నడిచాను.