జోడీలో మగమనిషి

మా అన్న తన తోటలో పనికి మనుషులను పెట్టుకోడు, జోడీలను పెట్టుకుంటాడు. జోడీ అంటే మొగుడూ పెళ్ళామూ కలిపి ఒక లెక్క. పాలమూరు అవతలి ఊళ్ల నుంచి కూలీలను కుదిర్చే మేస్త్రి వాళ్లను తెచ్చి తోటలో దింపుతాడు. ఉండడానికి రేకుల గది ఒకటి. పనికి నాలుగు చేతులు. నెల తిరిగాక జీతం మాత్రం ఒకే చేతిలో పడుతుంది, అదీ మొగుడి చేతిలో. ఉస్మాన్‌గంజ్‌లో మిర్చి వ్యాపారం చేసుకునేవాడివి, నీకీ పద్ధతి ఎవరు నేర్పారని అడిగితే, "అందరు గిట్లనే పెట్టుకుంటరు" అంటాడు. అందరూ చేసేదే న్యాయమనుకునే వాళ్లతో వాదించి వాదించి నా జుట్టు నెరిసింది.

హైదరాబాదు శాలిబండలో మా ఇల్లు ఒకటే. కింద అన్నా వదినా, పైన నేను, కాలేజీలో పాఠాలు చెప్పుకునే చెల్లెల్ని. శుక్రవారం శుక్రవారం ఆ జోడీలోని ఆడమనిషి రెండు బస్సులు మారి, కూరగాయల మూట నెత్తిన పెట్టుకుని వచ్చేది. మూట దించి ఊరుకునేది కాదు. వాకిలి ఊడ్చేది, వదినకు కారం దంచిపెట్టేది. ఇదంతా జీతంలో ఉందా అని నేనొకసారి అడిగితే, "ఆమెకు ఊకె కూసునే అలవాటు లేదు" అంది వదిన. ఎంత చక్కటి అలవాటు! వదినకు ఎందుకు అంటుకోలేదో.

మొన్నటి ఎండాకాలంలో ఒక శుక్రవారం ఆమె మూట దించి, చీపురు ముట్టకుండా మెట్టు మీద కూర్చుంది. వదిన చీపురు వైపు ఒకసారి, ఆమె వైపు ఒకసారి చూసింది. వారం కింద ఆమె మొగుడు మామిడిచెట్టు మీంచి పడి కాలు విరగ్గొట్టుకున్న సంగతి మాకు తెలుసు. దవాఖానాలో పట్టీ వేయించింది తనేనని మా అన్న గల్లీ గల్లీకీ చాటాడు కాబట్టి తెలుసు. గది ఖాళీ చెయ్యమన్నాడని, వేరే జోడీకి మేస్త్రితో మాట్లాడాడని మాత్రం చాటలేదు. అది ఆమె చెప్పింది. కాలు కదపలేని మనిషిని ఎక్కడికి మోసుకుపోవాలో తెలియక వచ్చింది.

అన్న దుకాణం నుంచి అన్నానికి వచ్చేదాకా ఆగి అడిగాను.

"సగం జోడీని పెట్టుకొని నేనేం జేసుకోవాలె?" అన్నాడు.

"సగం ఎట్లయింది? పని చేసే మనిషి నీ ముంగట్నే కూసుంది గదా."

"మొగోడు లేకుంటే తోటకు కాపలా ఎవరుంటరు? నీకేం ఎర్క, ఫ్యాను కింద కూసొని మస్తు మాట్లాడుతవు."

"ఆయనను చెట్టెక్కించింది ఎవరు?"

"నేనెక్కమన్ననా? కాయ తెంపమన్న."

కాయ తెంపమన్నాడట, చెట్టెక్కమనలేదట. కాయలు వాటంతట అవే మర్యాదగా దిగి వచ్చి గంపలో సర్దుకుంటాయనుకున్నాడేమో.

మెట్టు మీది మనిషి గొంతు సవరించుకుంది. "పందులొచ్చిన నాడు కాపలా ఎవరున్నరో యాదికి తెచ్చుకో సేటూ. కర్ర పట్టుకొని ఉరికింది నేను. మా ఆయన లేచి చెప్పులు దేవులాడుకునేటాల్లకు పందులు మక్క కంకులు మెక్కి తేన్చుకుంట పోయినయి."

వదిన నవ్వింది. అన్న నవ్వలేదు. వెంటనే మేస్త్రికి ఫోన్ కలిపి స్పీకర్ పెట్టాడు, తన పక్షాన ఇంకో మగ గొంతు ఉంటే బలమని.

"ఫికర్ చేయకు సేటూ" అన్నాడు మేస్త్రి. "ఆమె మరిది ఖాళీగనే ఉన్నడు. వాళ్లిద్దర్ని జోడీ పెడుదాం. పని ఆగది."

ఆమె లేచి వచ్చి ఫోన్ దగ్గర వంగింది. "వాడు పొద్దు గూకితే తాగి పంటడు. వాని పని నేను చేసి, వానికి వండిపెట్టి, నా జీతం వాని చేతిల పెట్టాల్నా? గంత ముద్దొస్తే నీ ఇంట్ల పెట్టుకో. వాడొద్దు, వాని పెండ్లాం పనిమంతురాలు. యారాలిని తెచ్చుకుంట. మేమిద్దరం ఒక జోడీ."

తోటికోడళ్లిద్దరు ఒక జోడీ! నాకైతే చప్పట్లు కొట్టాలనిపించింది. మా అన్న మొహం మాత్రం తూకంలో మోసం జరిగినట్టు అయింది. "ఇద్దరు ఆడోళ్లు జోడీ ఎట్లయితరు? అండ్ల మొగోడెవరు?"

"మొగోడు ఎందుకు అన్నా, కలుపు తీయనీకా? మోటరు బటన్ ఒత్తనీకా?"

కాసేపు గింజుకుని, చివరికి దారి కనిపెట్టాడు. "సరే, రమ్మను. కానీ ఆడకూలి లెక్కన ఇస్త. జోడీ జీతం రాదు."

అప్పుడు నాకు నిజంగా ఒళ్లు మండింది. "తీసే కలుపు గదే, మోసే గంప గదే. తక్కువైంది మీసమొక్కటే. మీసానికి నెలకెంత కడుతున్నవో జర చెప్పు! ఒకే పనికి ఆడామగా తేడా చూపొద్దని చట్టముంది, మనం చదువుకునే నాటి నుంచీ ఉంది."

"చట్టం నీ కాలేజీల ఉంటది, నా తోటల ఉండది."

నేను ఇంకా గొంతు పెంచబోతుంటే ఆమె నా వైపు తిరిగింది. "అక్కా, నువ్వు జర ఆగు. నువ్వు లొల్లి చేసి పైకి పోతవు. ఈ సేటు తోటల ఉండాల్సింది నేను."

న్యాయం కోసం గొంతు చించుకుంటే దక్కే మర్యాద ఇది.

"సరే సేటూ, ఆడకూలే ఇయ్యి" అంది ఆమె, కొంగు దులుపుకుంటూ. "మరి గీ శుక్రారం మూట జోడీ జీతంల లెక్క. వాకిలి ఊడ్చుడు, అమ్మకు కారం దంచుడు గూడ అండ్లనే. ఆడకూలిల అవి రావు. తోట పని వరకు చేస్తం."

అంతవరకు వెల్లుల్లి ఒలుచుకుంటూ ఈ గొడవ తనది కానట్టు కూర్చున్న వదిన తలెత్తింది. "జోడీ జీతమే ఇయ్యరాదు? ఆడోళ్లని గంత తక్కువ చేసుడేంది?" అంది, ఎంతో ఉదారంగా. నేను ఇన్నేళ్లు చట్టం వల్లించి సాధించలేనిది, వదిన ఒక చీపురును తలుచుకుని క్షణంలో సాధించింది.

గది నిలిచింది. యారాలు వచ్చింది. ఇక నెగ్గామనుకున్నాను. నెల తిరిగింది. జీతమివ్వడానికి తోటకు వెళ్లిన మా అన్న ముందు, మంచం మీద పట్టీ కాలు చాపుకుని పడుకున్న మొగుడు చెయ్యి చాపాడు. మా అన్న ఆడవాళ్లిద్దరి జీతమూ ఆ చేతిలో పెట్టి వచ్చాడు. వాళ్లిద్దరూ మట్టి చేతులతో పక్కనే నిలబడి ఉన్నారట. ఈ ముక్క అన్నం తింటూ తనే చెప్పాడు, చెప్పుకోవడానికి సిగ్గుపడాల్సిందేమీ లేనట్టు.

ఆ శుక్రవారం మూట రాలేదు. మధ్యాహ్నం దాకా వీధిలోకి చూసి చూసి వదినే ఫోన్ చేసింది. అవతలి నుంచి వచ్చిన జవాబును కోపంగా పైకి వచ్చి నాకు అప్పజెప్పింది: "జీతం చేతిల పట్టుకున్నాయననే మూట తెస్తడట. కాలు బాగైనంక పంపుతదట."

"నువ్వే నేర్పినవు గదా?" అంటూ ఆమె వెనకే అన్న పైకొచ్చాడు.

"నన్నే ఆగుమన్న మనిషికి నేనేం నేర్పుత అన్నా?"

ఆదివారం సాయంత్రం మా అన్న స్కూటర్ మీద తనే మూట తెచ్చాడు. పాలకూర వేళ్లతో సహా పీక్కొచ్చాడు. దానికి అంటిన మట్టితో ఇంకో మడి వేసుకోవచ్చు. వంకాయలు సగం నలిగాయి. పైకి వచ్చి నా గుమ్మంలో నిలబడ్డాడు.

"వాని దగ్గర జీతం వాపస్ తీసుకొని, ఆమెది ఆమెకు, యారాలిది యారాలికి ఇచ్చిన. ఇగ ఖుషీయేనా?"

"వారానికొక్క రోజన్న సెలవిస్తవా?"

"తోటకు సెలవేంది?"

"నీ దుకాణానికి ఆదివారమేంది మరి?"

దండం పెట్టి మెట్లు దిగిపోయాడు. నేను పిట్టగోడ మీంచి వంగి, వీధిలో పోయేవాళ్లు ఆగి చూస్తున్నా సరే, అడిగాను. "ఆ కాలు నయమయ్యేదాకా మందుల ఖర్చు ఎవరిది అన్నా? చెట్టెక్కించింది ఎవరు?"

"కాయ తెంపమన్న!" అని కింది నుంచి అరిచాడు.

కింద వంటింట్లో వదిన పాలకూర కడుగుతూ, ఎన్ని నీళ్లు మార్చినా మట్టి పోవడం లేదని ఇద్దరినీ కలిపి తిడుతోంది. నేను చెప్పులేసుకుని కిందికి దిగాను, అడిగిందే మళ్లీ అడగడానికి.