క్యారియర్ లేని సైకిలు

రిటైరైన మగాళ్లకి ఏదో ఒక పిచ్చి పట్టక మానదు. మా అపార్ట్‌మెంట్లో ఒకాయన మేడ మీద కుండీల్లో చామంతులు పెంచుతాడు. ఇంకొకాయన పొద్దస్తమానం ఫోన్లో షేర్ల ధరలు చూసుకుని నిట్టూరుస్తూ ఉంటాడు. మా ఆయనకి స్టీలు సైకిలు పట్టుకుంది. ఉద్యోగం చేసినన్నాళ్లూ ఇనుము మధ్యనే బతికారు కదా, ఇంటికొచ్చాకయినా దానికి సెలవిస్తారనుకున్నాను. సెలవివ్వకపోగా తెచ్చి హాల్లో పెట్టారు.

స్టీలు సైకిలంటే బజార్లో దొరికే మామూలు సైకిలు కాదు. ఈ పిచ్చి ఉన్నవాళ్లు జంషెడ్‌పూర్‌లో ఒక జట్టుగా ఉన్నారు. అందులో ఒక పళ్ల డాక్టరు, ఒక బ్యాంకు మేనేజరు, మా ఆయన చేసిన స్టీలు కంపెనీలోనే పనిచేసే కుర్ర ఇంజనీర్లు కొందరు. వాళ్ల లెక్కలో సైకిలంటే పాతకాలం పద్ధతిలో, సన్నటి స్టీలు గొట్టాలతో, ఎవరి ఒంటి కొలతకి వాళ్లు చేయించుకోవలసినది. గొట్టాలు కలిసేచోట వెల్డింగు గడ్డలు కనిపించకూడదట. లగ్గు అని ఒక తొడుగు ఉంటుంది, అందులోకి గొట్టాన్ని దూర్చి ఇత్తడి కరిగించి అతుకుతారు. ఆ తొడుగు అంచుల్ని ఆకురాయితో రాసి రాసి తమలపాకు కొనలా తేలుస్తారు. మా ఆయన హాల్లో పాత దుప్పటి పరుచుకుని నెలల తరబడి చేసిన పని అదే. ఆ రజను కాళ్లకి గుచ్చుకుంటుంటే నేను తుడిచిందీ నెలల తరబడే.

మేం ఉండేది ఊరి పక్కనే ఆదిత్యపూర్‌లో. రెండు వీధుల అవతల ఒక షెడ్డుంది. ట్రాక్టర్ల సామాను అతికే మిస్త్రీ ఒకడు ఖాళీ ఉన్నప్పుడు ఈ జట్టువాళ్లకి ఫ్రేములు కట్టి ఇస్తాడు. మిగతా సామాను కోసం వీళ్లంతా జుగ్సలాయి బజారుకి పోతారు. అక్కడ ఒక పాత సైకిళ్ల కొట్టు గోడౌన్లో ఏనాటివో అమ్ముడుపోని చక్రాల హబ్బులూ గంటలూ కట్టిన కాగితం విప్పకుండా ఉన్నాయట. ఒకరోజు ఆయన అలాంటి గంట ఒకటి తెచ్చి, నా చెవి దగ్గర పెట్టి మోగించి, "ఇన్నావా?" అన్నారు. నేను పప్పు తాలింపు వేస్తున్నాను. విన్నానన్నాను.

పైకి విసుక్కున్నా లోపల నాకూ సంబరంగానే ఉండేది. ఆ సైకిలు ఎప్పుడు పూర్తవుతుందా అని ఆయన కంటే నేనే ఎక్కువ చూశాను. కారణం ఎవరికీ చెప్పలేదు. చెప్తే నవ్వుతారు.

పెళ్లయి శ్రీకాకుళం జిల్లా నుంచి ఈ ఊరొచ్చిన కొత్తలో మాకు గోల్‌మురిలో చిన్న క్వార్టరుండేది. ఆయనకో నల్ల సైకిలుండేది. ఆ సైకిలు వెనక క్యారియరే నేను చూసిన మొదటి జంషెడ్‌పూర్. భాష రాదు, దారి తెలీదు, హిందీలో ఎవరైనా పలకరిస్తే ఏడుపొచ్చేది. ఆ క్యారియర్ మీద కూర్చుంటే మాత్రం ఊరంతా నాదే అనిపించేది. ఆదివారం చర్చికి దాని మీదే వెళ్లేవాళ్లం. తెల్లచీర కుచ్చిళ్లు చక్రంలో పడకుండా ఒక చేత్తో ఒడిసి పట్టుకుని, బైబిలు ఒళ్లో పెట్టుకుని కూర్చునేదాన్ని. ఆయన దారి పొడుగునా కబుర్లు చెప్పేవారు. ముఖం కనపడేది కాదు, మాట మాత్రం గాలికి వెనక్కి కొట్టుకొచ్చేది. ఎదురుగా కూర్చుంటే నోరు విప్పని మనిషి సైకిలెక్కితే ఆగేవారు కాదు. ఆయన గురించి నాకు తెలిసిన సంగతుల్లో సగం ఆ వీపు దగ్గర విన్నవే.

ఎక్కడానికో పద్ధతుంది. నన్ను ముందే కూర్చోబెట్టుకుని తొక్కితే సైకిలు వంకర్లు పోతుంది. అందుకని ఆయన ముందు కదలాలి. నేను పక్కనే నాలుగడుగులు పరిగెత్తి, సీటు కింద స్ప్రింగు పట్టుకుని, ఒక్క ఎగురు ఎగిరి కూర్చోవాలి. ఆయన వెనక్కి తిరక్కుండానే "ఎక్కేవా?" అని అడిగేవారు. నేను "ఊ" అనాలి. అప్పుడు గట్టిగా తొక్కేవారు.

ఒకసారి జుగ్సలాయి సందులో తోపుడుబండి అడ్డమొస్తే కిందకి దిగాను. దారి దొరగ్గానే ఆయన కదిలి "ఎక్కేవా?" అన్నారు. నా చెప్పు జారిపోతే వంగి తీసుకుంటున్నాను. వత్తన్నా అనబోయి "ఊ" అన్నాను. అంతే, ఆయన వెళ్లిపోయారు. హ్యాండిలుకి రెండువైపులా సరుకుల సంచులు వేలాడుతుంటే, తలూపుతూ, చెయ్యి తిప్పుతూ, ఫోర్‌మన్ మీద చాడీలు చెప్పుకుంటూ రైల్వే గేటుదాకా వెళ్లారు. గేటు పడి ఉంది కాబట్టి ఆగారు, లేకపోతే ఇంటికే పోయేవారు. వెనక్కొచ్చి, సందు మధ్యలో నిలబడ్డ నన్ను చూసి, "దిగిపోనావేటే?" అన్నారు.

"ఎక్కితే కదా దిగడానికి," అన్నాను.

"నీ బరువెంత ఏటి, తెలవడానికి!" అన్నారు. చుట్టూ కొట్లవాళ్లు నవ్వారు. నాకు సిగ్గేసింది గానీ ఆ మాట మాత్రం బాగా నచ్చింది. చాలా ఏళ్లు నచ్చుతూనే ఉంది.

పిల్లలు పుట్టాక స్కూటరొచ్చింది. నల్ల సైకిలు పాత ఇనుము వాడి తోపుడుబండి ఎక్కి వెళ్లిపోయింది. స్కూటరు మీద చప్పుడు తప్ప మాట వినపడదు. తర్వాత హెల్మెట్లొచ్చాయి, ఉన్న ఆ నాలుగు ముక్కలూ పోయాయి. ఆయన మాట్లాడడం తగ్గించారో, నాకు వినపడ్డం తగ్గిందో తెలీదు. ఇప్పుడు ఒకే సోఫాలో ఆ చివర ఆయనా ఈ చివర నేనూ కూర్చుంటాం, మధ్యలో టీవీ రిమోట్ ఉంటుంది. దెబ్బలాటలు లేవు. మాటలూ లేవు. నాకు మళ్లీ ఆ వీపు దగ్గర కూర్చుని మాట వినాలని ఉండేది. ఇది తప్ప వేరే కోరికేమీ లేదు.

అందుకే సైకిలు పూర్తయ్యే రోజు కోసం అంత ఎదురుచూశాను. ముదురాకుపచ్చ రంగు వేయించారు. లగ్గుల అంచుల మీద సన్నటి బంగారు గీత ఆయనే చేత్తో గీశారు, ఊపిరి బిగబట్టి. తోలు సీటు, వెండిలా మెరిసే మడ్‌గార్డులు, జుగ్సలాయి గంట. ఆదివారం పొద్దున్నే ఒక రౌండు కొట్టాక జట్టంతా మా ఇంటికే టీకొచ్చారు. సైకిల్ని హాలు మధ్యలో నిలబెట్టి చుట్టూ తిరిగి చూస్తున్నారు, పెళ్లికూతుర్ని చూడ్డానికి వచ్చినట్టు. నేను టీ ట్రే పట్టుకుని వెనకవైపు చూశాను. మడ్‌గార్డు పైన అంతా ఖాళీ.

"ఎనకాల ఏటీ లేదేటండీ?" అన్నాను.

పళ్ల డాక్టరుకి తెలుగు రాదు గానీ నా చెయ్యి చూపించిన చోటు అర్థమైంది. "క్యారియర్? నహీఁ నహీఁ, ఆంటీ. పూరీ లైన్ బిగడ్ జాయేగీ," అన్నాడు. క్యారియర్ పెడితే సైకిలు అందమే చెడిపోతుందట. మిగతావాళ్లు గట్టిగా తలలూపారు. వీళ్ల సైకిళ్లన్నీ ఒక్కరు తొక్కడానికే, ఇంకొకరికి చోటు లేదు. అందరూ పెళ్లాలున్నవాళ్లే, ఒక్కరికైనా ఆ సంగతి తట్టలేదా అని నాకు మండిపోయింది.

వాళ్లు వెళ్లాక మళ్లీ అడిగాను. ఈసారి సూటిగానే అడిగాను, నేనెక్కడ కూచోవాలని.

ఆయన చేతిలో గుడ్డతో సీటు తుడుస్తున్నారు. "ఇవి సన్నటి గొట్టాలే. నీ లోడు ఆగవు," అన్నారు.

లోడు. ఆయన ఏమీ చెడ్డగా అనలేదు. జీవితమంతా క్రేన్లూ వ్యాగన్లూ చూసిన మనిషి, ఆయనకి ఏదైనా లోడే. అదంతా నాకు తెలుసు. అయినా వంటింట్లోకి వెళ్లి కుళాయి తిప్పి, గిన్నెలేవీ లేకపోయినా సింకు దగ్గర చాలాసేపు నిలబడ్డాను. నీ బరువెంత ఏటి అన్న నోరే కదా. ఆ రోజు నుంచి సైకిలు వైపు చూడడం మానేశాను. హాలు తుడిచేటప్పుడు దాని చుట్టూ తుడిచేదాన్ని, దాన్ని జరిపేదాన్ని కాదు. ఆయన ఏమే అని పిలిస్తే ఆఁ అనేదాన్ని, అంతకుమించి పెదవి విప్పేదాన్ని కాదు.

కొన్ని వారాలయ్యాక చూస్తే సైకిలు మళ్లీ ముక్కలై దుప్పటి మీద ఉంది. చక్రాలు ఒక మూల, సీటు ఒక మూల. ఆకుపచ్చ ఫ్రేము చంకన పెట్టుకుని ఆయన మిస్త్రీ షెడ్డుకి వెళ్లారు. మళ్లీ ఏం తిక్క పుట్టిందో అనుకుని ఊరుకున్నాను. ఆ సాయంత్రమే పళ్ల డాక్టరు ఫోన్ చేశాడు. ఆయన స్నానంలో ఉంటే నేనే తీశాను. అంకుల్‌కి ఒంట్లో బాగానే ఉందా అని హిందీలో అడిగాడు. ఎందుకన్నాను. రంగు వేసిన ఫ్రేము మీద మంట పెట్టించారట, అతుకు వేయాలంటే రంగు కాలిపోతుందని తెలిసీ వినలేదట, ఆ బంగారు గీతలన్నీ మసైపోయాయట. అతని గొంతులో నిజంగా ఏడుపుంది. ఏ అతుకు అని అడిగాను. వెనక క్యారియర్‌కి, అన్నాడు.

ఆయన స్నానం చేసి వచ్చారు. నేను ఫోన్ సంగతి చెప్పలేదు. అన్నం వడ్డించాను, ఆయనకిష్టమని వేయించిన ఎండుచేప ఇంకొకటి వేశాను. ఆయన నా వైపోసారి చూసి తిన్నారు.

ఫ్రేము తిరిగొచ్చింది. వెనకభాగమంతా నల్లగా కాలిన మచ్చలు. దాని మీద ఆయన ఇంట్లో ఉన్న రంగేదో పూశారు, అది ముందుభాగం రంగుతో కలవనే లేదు. సైకిలు అందం చెడిపోయిన మాట నిజమే. క్యారియర్ మాత్రం లావుపాటి కడ్డీలతో, కింద అదనపు ఊతాలతో, బియ్యం బస్తా వేసినా కదలకుండా ఉంది. ఆయన దాని మీద అరచేత్తో గట్టిగా రెండుసార్లు కొట్టి, "రేపు చర్చికి ముందు ఓసారి ఎక్కి చూడు," అన్నారు.

పొద్దున్నే ఖర్కాయి నది ఒడ్డు రోడ్డు మీదకి వెళ్లాం. వాకింగ్‌కొచ్చినవాళ్లు తప్ప జనం లేరు. తెల్లచీర కట్టుకున్నాను. బైబిలు సంచీ భుజానికి తగిలించుకున్నాను. ఆయన కొంచెం ముందుకి వంగి, ఒక కాలు పెడల్ మీద పెట్టి కదిలారు. నేను సీటు వెనక పట్టుకుని పక్కనే నడిచాను, తర్వాత పరిగెత్తాను. ఎలా ఎగరాలో నా ఒంటికి ఇంకా గుర్తుంది. అదే చెయ్యి, అదే వైపు. కానీ ఎగరాల్సిన చోట మోకాలు రానంది. అరవై దాటిన మోకాలు, దాన్ననుకుని ఏం లాభం. చెయ్యి సీటు మీంచి జారిపోయింది. నేను ఆగిపోయాను.

ఆయన వెనక్కి తిరక్కుండా, "ఎక్కేవా?" అన్నారు.

లేదంటే ఆగిపోతారు. ఆగి, దిగి, నన్ను చూసి, ఇద్దరం నీకేం కాలేదు కదా అంటే నాకేం కాలేదని చెప్పుకుని, ఇంటికెళ్లి ఆ క్యారియర్ వైపు ఎప్పటికీ చూడం. 

"ఊ," అన్నాను.

ఆయన గట్టిగా తొక్కారు. నేనిప్పుడు తెలవని బరువేమీ కాదు. రెండడుగులు కదలగానే నేనెక్కలేదని ఆయనకి తెలిసి ఉండాలి. తెలిసే ఉంటుంది. అయినా తిరగలేదు. తల కొంచెం పక్కకి వాల్చి మాట్లాడడం మొదలుపెట్టారు. ఎడమ చెయ్యి హ్యాండిలు మీంచి తీసి గాల్లో తిప్పారు, ఏదో పెద్ద విషయం చెప్పేటప్పుడు ఎప్పుడూ అలాగే తిప్పేవారు. ఎన్నేళ్లయిందో ఆ చెయ్యి అలా తిరగడం చూసి. జుగ్సలాయి సందులో ఆ ఒక్కసారి తప్ప అసలు చూడనే లేదేమో, నేనెప్పుడూ వెనకే కూర్చుని ఉండేదాన్ని కదా. ఆ క్యారియర్ మీద కూర్చుని ఆయన మాట వింటున్న ఒకప్పటి ఆ సన్నటి పిల్ల మీద నాకు కళ్లనీళ్లొచ్చేంత అసూయ కలిగింది. మలుపుదాకా ఆయన నోరు ఆగలేదు. ఒక్క ముక్క కూడా నాదాకా రాలేదు.

మలుపు దగ్గర తిరిగి వచ్చారు. నా ముందు ఆపి, ఒక కాలు కింద పెట్టారు. ఆయాసపడుతున్నారు.

"దిగిపోనావేటే?" అన్నారు.

"ఇప్పుడే," అన్నాను.

ఆయన నా భుజానున్న బైబిలు సంచీ తీసుకుని, క్యారియర్ మీద పెట్టి, స్ప్రింగు క్లిప్పు వేశారు. సైకిల్ని నడిపించుకుంటూ నా పక్కనే నడవసాగారు. కొంచెం దూరం వెళ్లాక అడిగారు.

"చెప్పిందంతా ఇన్నావా?"

"అంతా ఇన్నాను," అన్నాను.