మొదట్లో పోసిన నీళ్ళు

చల్లటి కొండల్లో పెరిగే ట్రీ ఫెర్న్ మిర్యాలగూడ ఎండకు బతుకుతుందంటే ఎవరూ నమ్మలేదు. ఊటీ పోయినప్పుడు నర్సరీలో జానెడు మొక్క కొనుక్కొచ్చి ఇంటి వెనక పెట్టాను. పక్కనున్న రైస్‌మిల్లు గోడ ఎండను ఆపేది, వడ్లు ఉడకబెట్టే ఆవిరి గాలిని చెమ్మగా ఉంచేది. వీధంతా ఆ మిల్లును తిట్టుకుంటుంటే, నేను దాని పుణ్యాన పదకొండేళ్ళలో నా చెట్టును నడుమెత్తు పెంచుకున్నాను.

పైకి మొద్దులా కనిపిస్తుంది గానీ, దాన్ని కప్పుకున్న నల్లటి పీచంతా వేళ్ళే. అందుకే నీళ్ళు నెత్తిమీంచి పోయాలి, మొద్దంతా తడవాలి. నేను సైన్స్ టీచర్‌గా చేసి రిటైరయ్యాను. తొమ్మిదో తరగతి పిల్లలకు ఒక్కసారి చెబితే అర్థమైన ఈ సంగతి మా ఆయనకు ఎన్నిసార్లు చెప్పానో.

ఈ వేసవిలో కోదాడలో మా చెల్లెలికి మోకాలి ఆపరేషన్ అయింది. ఇరవై రోజులు అక్కడే ఉండాల్సి వచ్చింది. బయల్దేరే ముందు ఆయన్ని చెట్టు దగ్గరికి తీసుకెళ్ళి, చెంబుతో పోసి మరీ చూపించాను.

"గిట్ల పైనుంచి పోయుండ్రి. మొద్దు ఎండితే చెట్టు ఖతం."

"గరిడేపల్లిల పొలం చేసినోన్ని. నీళ్ళు పెట్టుడు నాకు నేర్పుతవా?" అని నవ్వాడు.

తిరిగొచ్చేసరికి ఆకులన్నీ గోధుమరంగుకు తిరిగి వేలాడుతున్నాయి. నడినెత్తిన చుట్టలు చుట్టుకున్న లేత చిగుళ్ళు ముట్టుకుంటే పొడి రాలింది. చెట్టు మొదట్లో మాత్రం చుట్టూ చక్కగా మట్టికట్ట వేసి ఉంది. నాటుమడిలా దాని నిండా నీళ్ళు.

"రోజూ రెండు బకెట్లు పోసిన. ఒక్కపూట తప్పలే," అన్నాడు.

అబద్ధం కాదు. అందుకే నాకు ఇంకా మండింది. మర్చిపోయి ఉంటే నాలుగు తిట్టి ఊరుకునేదాన్ని. ఇంత కష్టపడ్డ మనిషి నా మాట ఒక్కటి వినలేకపోయాడు. ముప్పై నాలుగేళ్ళుగా నాకు జ్వరమొస్తే ప్రేమగా పాలు కాచి తెస్తాడు. పాల వాసనకే నాకు వాంతి వస్తుంది. ఆ సంగతీ చెప్పాను.

పక్కింటావిడ గోడమీంచి చూసి, "ఎంత ఓపికనో సారుకు! గిట్లాంటి మొగోళ్ళు ఏడుంటరు టీచరమ్మా?" అంది.

ఇంటింటికీ ఉంటారమ్మా అనబోయి, మానుకుని లోపలికి వచ్చేశాను.

నెత్తి ఎండిపోయాక ఆ చెట్టు మళ్ళీ చిగురించదు. ఆయనకది తెలియదు. ఇప్పటికీ పొద్దున్నే బకెట్లు మోసుకెళ్ళి మొదట్లో పోసి, నడుం పట్టుకుని వస్తాడు.

"చిగురేస్తది సూడు," అంటాడు.

ఒక్కమాట చెబితే ఆ మోత తప్పుతుంది. చెప్పను.