సేటుకు మందు పెట్టిన ఎండాకాలం

జగదల్‌పూర్‌లో మా పైవాటాలో ఉండే ఆవిడ తన కుక్కకు మందు పెట్టే ముచ్చట చూసి తీరాలి. మొన్న పొద్దున మెట్ల మీద కూర్చుని, ఆ బొచ్చుకుక్కను ఒళ్ళో పెట్టుకుని, చీజ్ ముక్కలో మాత్ర దాచి, "ఖా లే బేటా, ఖా లే" అని గడ్డం పట్టుకుని బతిమాలుతోంది. అది చీజంతా చప్పరించి మాత్రను శుభ్రంగా ఆవిడ చీర మీద ఉమ్మేసింది. పాల ప్యాకెట్టు పట్టుకుని పైకి వెళ్తున్నదాన్ని అక్కడే ఆగి నవ్వాను. ఆవిడకు కోపం వచ్చినట్టుంది, "మీకు కుక్కలంటే పడదా దీదీ" అని అడిగింది. పడకేం. నేను నవ్వింది కుక్కను చూసి కాదు. కుక్కతో మాత్ర మింగించడానికి మా ఇంట్లో ఒక మనిషిని వాడుకుని పక్కన పారేశారు. అది మెట్ల మీద నిలబడి హిందీలో చెప్పే సంగతా? అందుకే ఏమీ అనకుండా వచ్చేశాను. వచ్చానే గానీ పాలు పొంగిపోయేదాకా అదే ఆలోచన.

మాది కుంట. శబరి పక్కన, ఆంధ్రా బోర్డరుకు ఆనుకుని ఉన్న ఊరు. ముందు కిరాణా కొట్టు, వెనక ఇల్లు, ఇంటికి వెనక వరండా, ఆ తరవాత పెరడు. పెరట్లో రేకుల షెడ్డు నిండా చింతపండు బస్తాలు, ఇప్పపువ్వు బస్తాలు. ఎండలు ముదిరాయంటే ఆ ఇప్పపువ్వు వాసన దండెం మీద బట్టలకు కూడా పట్టేది. కొట్లో కూర్చుంటే గిరాకీని బట్టి భాష మార్చాలి, దోర్లీ, గోండీ, హల్బీ, హిందీ. తిట్టాలంటే మాత్రం అందరం తెలుగులోకే వచ్చేవాళ్ళం. అందులో మా అమ్మది అందెవేసిన చెయ్యి. మా అమ్మ చెడ్డదని నేనంటాను, ఇంకెవరన్నా అంటే ఊరుకోను, అది వేరే సంగతి. గొంతు పెంచేది కాదు, చెయ్యెత్తేది కాదు. అప్పడాలు ఎండలో తిప్పుకుంటూ ఒక్క ముక్క అనేది, అది వారం రోజులు గుచ్చుకునేది. నాకు టీచరు ఉద్యోగం వచ్చిందని కాళ్ళకు దండం పెడితే, "మంచిదే, ఇంట్లో నీ మాట వినేటోళ్ళు లేరు, ఆడనన్నా వింటరు" అన్నది. నాన్న పోయాక కొట్టును అన్న చూసుకునేవాడు, అన్నను అమ్మ చూసుకునేది.

ఇంత మనిషికీ ఒక బలహీనత ఉండేది. అది నల్లటి వీధికుక్క. వానల్లో ఎక్కడినుంచో తడిసి వచ్చి, గల్లా పక్కన గోనెసంచీ మీద యజమానిలా కూర్చుంది. సంతకొచ్చినవాళ్ళు దాన్ని సేటు అని పిలవడం మొదలుపెట్టారు, అదే పేరైంది. అమ్మ దాన్ని లోపలికి తీసుకుంది. లోపలికంటే ఏ వరండాలోకో కాదు, వంటింట్లోకి. నెలనెలా మేం ఆ గడప బయట ఉండాల్సిందే, జ్వరమొచ్చినా చలేసినా సరే, కానీ సేటు మాత్రం మంచినీళ్ళ కుండ పక్కన చల్లటి గచ్చు మీద కాళ్ళు చాపుకుని పడుకునేది. కన్నపిల్లల్ని ఏనాడూ తియ్యగా పిలవని మా అమ్మ దాన్ని "నాయనా" అనేది. నాకు ఒళ్ళు మండేది. ఇప్పటికీ మండుతుంది.

వదిన సంగతి చెప్పాలి. అన్నను ఒకసారి చింతపండు బేరానికి గీదం పంపారు. అక్కడి రైల్వే క్వార్టర్లలో ఒక అమ్మాయిని చూశాడు. ఆ తరవాత కుంటలో చింతపండు కుప్పలు పోసి అమ్ముతున్నా సరే, కొనడానికి గీదమే వెళ్ళేవాడు. వాళ్ళది విజయనగరం వైపు, తండ్రికి కిరండూల్ లైన్లో ఉద్యోగం. చేప లేనిదే ముద్ద దిగని ఇల్లు. మేమేమో ఉల్లిపాయకు కూడా మంచిరోజు చెడ్డరోజు చూసే వైశ్యులం. గొడవలు ఎన్నైనా అన్న పట్టు విడవలేదు. వాడు జన్మలో పట్టుబట్టిన పని అదొక్కటే అనుకుంటా. పెళ్ళికొచ్చిన చుట్టాల మధ్య కూర్చుని అమ్మ, "చింతపండు తెమ్మని పంపితే చేపను పట్టుకొచ్చిండు" అన్నది. వదిన విన్నది, విని నవ్వింది. ఆ రోజే చేప మానేసింది, పుట్టింటికి వెళ్ళినా ముట్టలేదు. అయినా అమ్మ ఆమెను వంటింటి గడప దాటనివ్వలేదు. ఏళ్ళ తరబడి వరండాలో కూర్చుని బియ్యం చెరగడం, పప్పులో రాళ్ళేరడం, అంతే. మా ఇళ్ళలో వంటిల్లంటే అన్నం వండే చోటు ఒక్కటే కాదు. ఉప్పు డబ్బా ఎవరి చేతిలో ఉంటే ఇల్లు వాళ్ళది. ఎప్పటికో, అమ్మకు చెయ్యి వణకడం మొదలయ్యాక, "రా, చారు పెట్టు" అన్నది. ఆ చారు పోసుకుని తిని ఏమీ అనలేదు. మా అమ్మ ఏమీ అనలేదంటే శాలువా కప్పినట్టే. ఆ సాయంత్రం వదిన నాకు ఫోన్ చేసి ఆ చారు గురించి తప్ప ఇంకేమీ మాట్లాడలేదు. ఎండాకాలం సెలవులకు నేను వెళ్ళేసరికి ఉప్పు డబ్బా ఆమె చేతిలో ఉంది, కొంగు నడుముకు దోపుకుని ఇల్లంతా తిరుగుతోంది.

నేను వెళ్ళిన కొద్ది రోజులకే సేటు తిండి మానేసింది. చిగుళ్ళు పాలిపోయాయి, ముక్కులోంచి నెత్తురు కారింది. అన్న జీపులో వేసుకుని భద్రాచలం తీసుకెళ్ళాడు. పిడుదులు కుట్టి వచ్చే జ్వరమని, నెల రోజులు రెండు పూటలా మాత్ర పడాలని, మధ్యలో మానితే తనది పూచీ కాదని పశువుల డాక్టరు చెప్పాడు. ఆ మాత్రను నేను నాలుక కొసకు ఆనించి చూశాను. కాకరకాయ దాని ముందు పాయసం. పెరుగన్నంలో కలిపితే అన్నం తిని మాత్ర వదిలేసింది. బెల్లంలో పెడితే బెల్లం కరిగేదాకా నాకి మాత్ర వదిలేసింది. అమ్మ స్వయంగా నేతి బొబ్బట్టు చేసి మధ్యలో పెడితే, చుట్టూ గుండ్రంగా కొరుక్కుని నడిమి ముక్కను గడప దగ్గర పెట్టి వెళ్ళింది. ఆ తెలివి మా అన్నకుంటే కొట్టు ఇంకో రెండంతస్తులు లేచేది. అన్న గోనెసంచీలో చుట్టి దవడలు విడదియ్యబోతే చెయ్యి కొరికింది. అమ్మ అన్నను తిట్టింది, కుక్కను కాదు. రోజురోజుకూ అది లేవలేకపోతుంటే అమ్మ అన్నం దగ్గర కూర్చుని తినకుండానే లేచిపోయేది. ఆ భయం మాత్రం నిజమైనదే, కాదనను.

చివరికి అన్న డాక్టరుకు ఫోన్ చేసి స్పీకరు పెట్టాడు. "చేపలోనో మాంసంలోనో పెట్టి చూడండమ్మా, వాసనకు మింగేస్తుంది" అన్నాడాయన. అమ్మ గచ్చు మీద పడున్న సేటును చూసి, తల తిప్పి వదినను చూసింది.

"నీకు తెలిసిన పనే గదా. నువ్వు పెట్టు."

"నేను మానీసి ఏళ్ళైంది కదా అత్తమ్మా."

"నిన్ను తినమన్ననా ఏంది? కుక్కకు పెట్టమన్న."

పెరట్లో షెడ్డు పక్కన మూడు రాళ్ళ పొయ్యి పెట్టుకోవాలన్నది అమ్మ. వేరే గిన్నె, వేరే గరిట. మందు అయిపోయేదాకా వదిన వంటింట్లోకి రాకూడదు, భోజనం వరండాలో. "అయిపోయినంక తలంటుకొని వచ్చి నీ వంట నువ్వు చేసుకో" అని అమ్మ మాటిచ్చింది. వదిన ఉప్పు డబ్బాను గూట్లో పెట్టి బయటికి వచ్చింది. నెల రోజులే కదా అని నాతో అన్నది. అన్న కూడా అదే అన్నాడు, కొంచెం తొందరగా అన్నాడు.

సంతలో ఎండుచేపలమ్మే ఆమె మొదట నమ్మలేదు, కిరాణా కొట్టువాళ్ళ కోడలు చేపలెందుకు కొంటుందని పక్కవాళ్ళతో గుసగుసలాడింది. వదిన ఎవరికీ సంజాయిషీ చెప్పలేదు. కానీ ఆమె చేతిపని చూడాలి. నిప్పుల మీద చేపను కాల్చి, ముల్లు లాగి, పొట్టలో మాత్ర పెట్టి వేళ్ళతో నొక్కేది. ముందు ఒట్టి చేపముక్క వేసేది, తరవాత మాత్ర ఉన్నది, అది ఇంకా నోట్లో ఉండగానే మూడోది పైకెత్తి చూపించేది. మూడోదాని మీద ఆశతో సేటు రెండోదాన్ని నమలకుండానే మింగేసేది. ఎక్కడ నేర్చుకున్నావంటే, "ఎక్కడా నేర్చుకోలేదు, ఆశున్నోడికి చేదు తెలీదు కదా" అన్నది, బుగ్గ మీద మసి తుడుచుకుంటూ. ఎండలో పొయ్యి దగ్గర కూర్చుని ఆమె ముఖం కందిపోయేది. ఏళ్ళ తరవాత ఆ వాసన ముక్కుకు తగులుతుంటే ఎట్లా ఉందో నేను అడగలేదు, ఆమె చెప్పలేదు.

ఇక్కడే మా అమ్మ బుద్ధి బయటపడింది. మధ్యాహ్నం వదినకు పళ్ళెం జరిపే ముందు, "నోరు తెరువు" అన్నది. నాకు మొదట అర్థం కాలేదు. కుక్క మాత్ర మింగిందా లేదా అని పొద్దున దాని నోరు చూసినట్టే, వదిన చేప తిన్నదా లేదా అని ఆమె నోరు చూస్తానన్నది. వదిన అన్న వైపు చూసింది. అన్న ఫోన్ తీసి ఎవరో మాట్లాడుతున్నట్టు చెవికి పెట్టుకుని కొట్లోకి నడిచాడు. వదిన నోరు తెరిచింది. అమ్మ వంగి వాసన చూసి, పళ్ళెం కాలితో కాదు గానీ కర్రతో జరిపింది. రోజూ అంతే. ఒకరోజు నేను అడ్డం వెళ్తే, "నువ్వు బడిలో పిల్లల చేతిగోళ్ళు చూడవా, ఇది అంతే" అన్నది. అమ్మ మీద అంత అసహ్యం నాకెప్పుడూ పుట్టలేదు. వదిన మాత్రం, "మాట అనకండి, నెల నిండనీయండి" అనేది. ఆమె కళ్ళన్నీ ఆ గడప మీదే ఉండేవి.

సేటు కోలుకుంది. కోలుకోవడం ఏమిటి, నిగనిగలాడింది. చేప తిని మూతి నాక్కుంటూ సూటిగా వంటింట్లోకి వెళ్ళి కుండ పక్కన పడుకునేది. గదంతా నీచువాసన. అమ్మ సాంబ్రాణి వేసి, "పాపం, మూగజీవి" అనేది. వరండాలో పళ్ళెం ముందు కూర్చున్న వదినకు ఆ సాంబ్రాణి పొగ కూడా వచ్చేది.

మందు అయిపోయిన మర్నాడు వదిన కుంకుడుకాయ పులుసుతో తలంటుకుంది. పసుపు రాసుకుని, కొత్త చీర కట్టుకుని, తడిజుట్టుకు తువ్వాలు చుట్టుకుని వంటింటి గడప దగ్గరికి వచ్చి నిలబడింది. లోపల అమ్మ పీట మీద కూర్చుని సేటుకు పెరుగన్నం ముద్దలు చేసి నోటికి అందిస్తోంది. "మందు అయిపోయింది అత్తమ్మా" అన్నది వదిన. అమ్మ తలెత్తలేదు. ఇంకో ముద్ద పెట్టి, చెయ్యి దాని తల మీద తుడుచుకుని అప్పుడు అన్నది.

"దానికి నోరు లేదు, తెలియక తిన్నది. నువ్వు తెలిసి ముట్టినవ్."

మాటిచ్చావు కదమ్మా అని నేను అరిచాను. గిరాకీ వచ్చిందంటూ అన్న కొట్లోకి వెళ్ళాడు. వదిన ఏడవలేదు. కాసేపు అట్లాగే నిలబడి, వెనక్కి తిరిగి వరండాలోకి వెళ్ళి జుట్టు ఆరబెట్టుకుంది. బడి తెరిచే వేళకు నేను వచ్చేశాను. కొన్నాళ్ళకు అన్న వరండాలో ఒక గ్యాసుపొయ్యి పెట్టించాడట, తాత్కాలికంగా అని నాకు ఫోన్‌లో చెప్పాడు. అది ఇప్పటికీ అక్కడే ఉంది. సేటు ముసలిదై చనిపోయింది, ఆ రోజంతా అమ్మ పస్తు ఉంది. వదిన ఇప్పటికీ చేప ముట్టదు.

ఇప్పుడు అమ్మకు మోకాళ్ళు పోయాయి. వంట సంగతి అటుంచి, నిలబడటమే కష్టం. లోపలి పొయ్యి వెలిగి ఎంత కాలమైందో. ఇంటిల్లిపాదికీ వదినే వరండాలో వండుతుంది, అంతా అమ్మకు నచ్చినట్టే, ఉల్లిపాయ కూడా రోజు చూసే వేస్తుంది. అమ్మ మంచం వంటింటి అవతలి గదిలో, వరండా నుంచి అక్కడికి వంటింట్లోంచే దారి. వదిన పళ్ళెంలో వేడివేడిగా అన్నం, పప్పు, చారు పెట్టుకుని వంటింటి గడప దాకా వస్తుంది, అక్కడ ఆగుతుంది. "లోపలికి తెచ్చి పెట్టవే" అని అమ్మ అడిగిందట మొదట్లో. "తెలిసి ముట్టినదాన్ని కదా అత్తమ్మా" అన్నదట వదిన, చాలా మెత్తగా. నేనే రమ్మంటున్న గదా అని అమ్మ ఏడ్చినా, "మీరు మంచోరు, అలాగే అంటారు" అనే జవాబు. పోయిన వానాకాలం అమ్మ వంటింటి మధ్యలో జారి పడింది. అన్న కొట్లోంచి పరుగెత్తుకొచ్చేదాకా వదిన గడప ఇవతలే నిలబడి అన్నను కేకేసింది. కాలు లోపల పెట్టలేదు.

మొన్న సెలవులకు వెళ్ళినప్పుడు నేను పళ్ళెం అందుకోబోయాను. వదిన ఇవ్వలేదు. "మోకాళ్ళకి నడక మంచిదని డాక్టరు సెప్పేడు కదా" అన్నది. నాకు కోపం రావాలి, రాలేదు. లోపల అమ్మ మంచం దిగి, గోడ పట్టుకుని, ఒక అడుగు వేసి ఆయాసపడి, మళ్ళీ ఒక అడుగు వేస్తోంది. అన్నం మీద ఆవిరి పోయింది, చారు మీద నెయ్యి పేరుకుంది. వదిన ముఖంలో విసుగు లేదు, జాలీ లేదు, పళ్ళెం పట్టుకున్న చెయ్యి కదల్లేదు. ఆ గడప దగ్గర ఇంతకంటే చాలా ఎక్కువ కాలం నిలబడిన మనిషి ఆమె.