కొట్టడం నాది, కుట్టడం ఆయనది

ఆ రోజుల్లో ఇంగ్లీషు టైపు పరీక్ష పాసైనవాడు కలెక్టరు కంటే ఒక్క మెట్టే తక్కువని మా ఇంట్లో నమ్మకం. (ఆ నమ్మకాన్ని ప్రచారం చేసింది నేనే.) కోర్టుల్లో ఉర్దూ తగ్గి ఇంగ్లీషు పెరుగుతున్న కాలం అది. కరీంనగర్‌లో మా వకీల్ సాబ్, తన దఫ్తరు ఎక్కడ వెనకబడిపోతుందోనన్న బెంగతో, హైదరాబాదు నుంచి ఒక టైపు మిషను కిరాయికి తెప్పించి, దానితోపాటు నన్నూ పెట్టుకున్నారు. చేరిన రోజే షరతు చెప్పారు. "మొదటి దరఖాస్తు కోర్టుల నిలవడాలె. లేకుంటే మిషన్‌ను, నిన్ను ఒక్క బస్సే ఎక్కిస్త." అప్పటికే మా బాపు నా ఉద్యోగం సంగతి ఊరంతా చెప్పుకున్నాడు. ఏ మొహం పెట్టుకుని తిరిగి పోవాలా అని నాకు నిద్ర పట్టేది కాదు.

దఫ్తరులో అసలు అధికారం మున్షీ సాబ్‌ది. నేను పుట్టకముందు నుంచీ ఉర్దూలో దరఖాస్తులు రాసి, ముచ్చటగా దారంతో కుడుతున్నాడు. నా టకటకలు మొదలైతే చాలు, అటు తిరిగి కూర్చునేవాడు. నేనేమీ తక్కువ తినలేదు, ఆయన కలాన్ని చూసి జాలిగా నవ్వేవాణ్ణి. చివరికి వకీల్ సాబ్ పని పంచారు: కొట్టడం నాది, కుట్టడం ఆయనది.

మొదటి దరఖాస్తు ఒక రైతుది. పై పొలం ఆసామి కాలువకు అడ్డం కట్టాడు, కింద ఈయన వరి ఎండుతోంది. వకీల్ సాబ్ ఆ తగాదాను తాతల కాలం నుంచి ఎత్తుకుని చెబుతూ నాతో కొట్టించారు. నీళ్లు వదిలించండి అన్న మాట ఆఖరి పేజీలో గాని రాలేదు. పేజీలు వరుసగా పేర్చి, ఎడమ పక్కన కుట్టమని మున్షీ సాబ్‌కు ఇచ్చాను. అయితే కుడి నుంచి ఎడమకు చదివే ఉర్దూ కాగితాలకు కుట్టు కుడి పక్కన ఉంటుంది. ఎడమ పక్కన కనిపించిందంటే అది వెనకవైపు, ఆఖరి పేజీ ఉండే చోటన్నమాట. అందుకని ఆయన ఎంతో బాధ్యతగా నా వరుస తిరగేసి, ఆఖరి పేజీని పైన పెట్టి కుట్టాడు.

కోర్టులో మున్సిఫ్ గారు కట్ట విప్పినప్పుడు గాని ఆ సంగతి నా కంటపడలేదు. బస్సు హారన్ వినిపించినట్టయింది. కోస్తా నుంచి కొత్తగా వచ్చిన ఆయన పైనున్న పేజీ చదివి, "కాలువ తెరిపించాలి, అంతేనా?" అన్నారు. తాతల కాలానికి బయలుదేరబోయిన వకీల్ సాబ్ దారిలోనే ఆగిపోయి, "అంతే, హుజూర్" అన్నారు. ఆయన జన్మలో అంత పొట్టి వాదన మరొకటి లేదు. ఇక్కడికి వచ్చాక సంగతి ముందుగా చెప్పిన వకీలు మీరొక్కరేనని మెచ్చుకుని, ఎదుటి పక్షాన్ని నాలుగు ముక్కలు అడిగి, మున్సిఫ్ గారు నీళ్లు వదలమన్నారు.

బయటికి రాగానే, వరుస ఎందుకు తిరగేశారని మున్షీ సాబ్‌ను నిలదీశాను. ఆయన నొచ్చుకున్నాడు. "నేను సక్కగనే కుట్టిన. నీ మిషనే జర ఉల్టా కొడుతున్నది, పిలగా. ఫికర్ చెయ్యకు, నేను సర్దుకుంట." అప్పటికప్పుడు ఆయన మీద ఎంత ప్రేమ పుట్టుకొచ్చిందో చెప్పలేను. అటు వకీళ్ల గదిలో మా వకీల్ సాబ్, అదంతా తన ఉపాయమేనని చెప్పుకుంటున్నారు.

ఇదంతా రాసి మా ఆవిడకు చదివి వినిపించబోతే, వకీల్ సాబ్ షరతు దగ్గరే ఆపి, "ఇంతకూ నౌకరి ఉన్నదా, పోయిందా?" అంది. ఉందిలే, అంత తొందరైతే ఎట్లా అని విసుక్కుని, మళ్లీ కలెక్టరు దగ్గర నుంచి మొదలుపెట్టాను.