రెండు గదుల క్వార్టర్లో గాలి దారి

పగలు నిద్రపోయే మనిషి ఉన్న ఇంట్లో కంప్యూటర్ పెట్టుకోవడం నా మొండితనమే. తెలంగాణ రావడానికి అప్పటికింకా ఏళ్లున్నాయి. సెంటినరీ కాలనీలో మాది రెండు గదుల క్వార్టర్. మా ఆయన భూగర్భ బొగ్గు గనిలో గాలిని దారి మళ్లించే తలుపులు, పరదాలు చూసుకునే పనిలో ఉండేవారు. నేను ఇంట్లోనే టైపింగు చేసేదాన్ని. పెళ్లి పత్రికలు, బడి ప్రశ్నపత్రాలు, యూనియన్ వాళ్ల దరఖాస్తులు. పెళ్లయిన పదేళ్లకు నాకంటూ దొరికిన పని అది.

ఆ కంప్యూటర్ డబ్బాతో చిక్కల్లా ప్రాసెసర్ వేడి. ఎండాకాలం పొద్దున పదింటికల్లా దాని మీది ఫ్యాను పిండి గిర్నీలా మోత పెట్టేది. కాసేపటికి తెర నల్లబడి దానంతటదే ఆగిపోయేది. అప్పటిదాకా కొట్టినదంతా గంగపాలు. కాలనీలో కంప్యూటరున్న ప్రతి ఇంట్లోనూ చేసే వైద్యమే నేనూ చేశాను. పక్క రేకు ఊడదీసి, టేబుల్ ఫ్యానుతో దాని కడుపులోకి గాలి కొట్టించాను. దాంతో రెండు ఫ్యాన్ల మోత తయారైంది.

నైట్ షిఫ్టు వారాల్లో ఆయన పగలంతా పక్క గదిలో పడుకునేవారు. మధ్యలో తలుపు కూడా లేదు. అయినా ఒక్కనాడూ విసుక్కోలేదు, అదే నాకు మరీ కష్టంగా ఉండేది. ఓ ఉదయం డ్యూటీ నుంచి వచ్చి చాయ్ తాగుతూ మామూలుగా అన్నారు.

"రాత్రి కింద నిలబడే నిద్రపోయిన. పక్కోడు బుజం పట్టి గుంజిండు."

గనిలో రెప్ప వాలితే ఏమవుతుందో మా కాలనీలో ఎవరూ ఎవరికీ చెప్పనక్కర్లేదు. ముందు భయపడ్డాను, వెంటనే నా మీద నాకే కోపం వచ్చింది. వారంలోగా ఆ డబ్బా నోరు మూయించాలి, లేకపోతే ఇంట్లోంచి పంపెయ్యాలి. పంపెయ్యడమంటే మాత్రం ప్రాణం పోయినంత పనయ్యేది.

గోదావరిఖని బజారులో కంప్యూటర్ మెకానిక్ నా మాట పూర్తిగా వినకుండానే మందు చెప్పేశాడు.

"అక్కా, ఏసీ పెట్టియ్యి. గీ ఎండలకు ఇంకేంది మరి?"

"ఏసీ నీ ఇంట్ల పెట్టుకో," అని, వేడి లాగడానికి ప్రాసెసర్ మీద రాసే పేస్టు గొట్టం ఒకటి కొనుక్కుని బస్సెక్కాను.

ఆదివారం ఆయన ఎదురుగానే డబ్బా విప్పాను. ఫ్యాను తీస్తే దాని కింద అల్యూమినియం రేకుల మధ్య సందే లేదు. బొగ్గు దుమ్ము కంబళిలా అల్లుకుపోయింది. దగ్గర్లోని ఓపెన్‌కాస్టు గనిలో బ్లాస్టింగ్ అయ్యాక మా కిటికీల మీద పడే దుమ్మే అది. టేబుల్ ఫ్యాను పెట్టి రోజూ నేనే దాన్ని లోపలికి తినిపించాను. పాత బ్రష్షుతో దులిపి, ఎండిపోయిన పేస్టు గీకేసి, కొత్తది బియ్యపు గింజంత పెట్టి బిగించాను. పక్క రేకు అలాగే తీసి ఉంచి మళ్లీ టేబుల్ ఫ్యాను తిప్పబోతుంటే ఆయన చెయ్యి అడ్డం పెట్టారు.

"ఏందే గిట్ల తెరిసిపెడ్తవ్? తలుపు తెరిసుంటే గాలి అడ్డదారిల పోతది. పని జరిగే కాడికి రానే రాదు."

"మూస్తే ఉడికిపోదా?"

"కింద నాలుగు దిక్కుల గోడలే ఉంటయ్. మేం ఉడికినమా? వచ్చే దారొకటి, పోయే దారొకటి ఉండాలె. గంతే."

గనిలో దాటిన గాలి తలుపును మూయకుండా ఆయన అడుగు ముందుకు వెయ్యరట. నేనేమో నెలల తరబడి ఆయన ఇంట్లోనే తలుపు బార్లా తెరిచి పెట్టాను. సిగ్గుపడే తీరిక లేదు, ఇద్దరం పనిలో దిగాం. ముందువైపు రంధ్రాలకు దుమ్ము ఆగేలా పాత పంచె ముక్క పల్చగా కట్టాం. వెనక వేడి పోయే దారి తప్ప మిగతా సందులన్నీ టేపుతో మూశాం. గనిలో గాలిని మళ్లించడానికి పరదా కట్టినట్టు, లోపల ఆయన ఒక అట్టముక్క నిలబెట్టారు, చల్లగాలి సూటిగా ప్రాసెసర్ మీదికి వెళ్లాలని. డబ్బా వెనకవైపుండే చిన్న ఫ్యానును వేడిని బయటికి తోసేలా నేను బిగించాను. పక్క రేకు మూసి స్క్రూలన్నీ గట్టిగా తిప్పాను. టేబుల్ ఫ్యాను అటకెక్కింది.

మంగళవారం పొద్దున ఆయన డ్యూటీ నుంచి వచ్చి పడుకున్నారు. నేను ప్రశ్నపత్రాలు ముందేసుకుని కూర్చున్నాను. పదయింది, పన్నెండయింది. బయట రోడ్డు మీద తారు కరుగుతోంది. డబ్బా మాత్రం గుసగుసలాడుతోందంతే. తెర మీద చూస్తే, అంతకుముందు ఎనభై డిగ్రీలు దాటే వేడి యాభై ఎనిమిది దగ్గరే ఆగింది. గెలిచాను! లేచి గంతులెయ్యాలనిపించింది, ఆ మెకానిక్‌ను పిలిచి చూపించాలనిపించింది. చప్పుడు చెయ్యకూడదు కదా, నవ్వు బిగబట్టుకుని టైపు చేస్తూ పోయాను.

నాలుగింటికి ఆయన కళ్లు నులుముకుంటూ లేచి వచ్చారు.

"ఏందే, చప్పుడే లేదు. ఇయ్యాల పనికి నాగా పెట్టినవా?"

తెర చూపించాను. ఇరవై ఆరు పేజీలు. ఆయన వంగి డబ్బా వెనక అరచెయ్యి పెట్టి, కాసేపు కదలకుండా ఉంచి చూశారు.

"గాలి బరాబర్ వస్తున్నది," అన్నారు. తర్వాత వంటగది వైపు నడుస్తూ, "నీ డ్యూటీ కానియ్యి. చాయ్ నేను పెడ్త."

నా పనిని ఆయన డ్యూటీ అనడం అదే మొదలు.