మూడో గీత

మా బాబాయి నలభై ఏళ్ళు గడియారాలు బాగుచేశాడు. కంటికి బిగించుకునే భూతద్దం తీసేసినా, దాని అంచు నొక్కిన గుండ్రటి గుర్తు ముఖం మీద ఉండిపోయేది. చివరికి ఆ కళ్ళే పోయాయి. చూపు పూర్తిగా ఆరిపోకముందే ఒక చిన్న పెట్టె తయారుచేసి పెట్టుకున్నాడు. పెన్ను మూతలో కాంతి సెన్సర్, చెవిలో ఇయర్‌ఫోన్. వెలుతురు పెరిగేకొద్దీ అందులో మోగే కూత పైస్థాయికి పోయేది, నీడ పడితే కిందికి దిగేది.

"దీపం ఉందా లేదా అని కాదే, ఎంతుందో చెప్తుంది!" అని మురిసిపోయేవాడు. మెట్ల పక్క కిటికీలో దాన్ని పెట్టుకుని కూర్చునేవాడు.

ఒక్కటే లోపం. పగటి వెలుతురుకి కూత పైకంటా పోయి అక్కడే నిలిచిపోయేది. ఎవరు అడ్డొచ్చినా తెలిసేది కాదు. సాయంత్రాలే పనిచేసేది. ఒక రెసిస్టర్ మారిస్తే సరిపోతుంది. విడిభాగాల డబ్బాలో బోలెడున్నాయి కానీ, ఏది ఏదో వాటి మీది సన్నటి రంగు గీతలే చెప్పాలి.

"గోధుమ, నలుపు, ఎరుపు. మూడో గీత నారింజ అయితే వద్దు. ఒక్కటి ఏరిపెట్టవే తల్లీ. అతికించడం నా వేళ్ళకి తెలుసు. పగలు కూడా మనుషులు తెలుస్తారు."

"పిన్ని ఏరకూడదా?"

"నా కళ్ళద్దాలకి ఎరుపూ నారింజా కవలపిల్లలు. మా ఇద్దరివీ కలిపినా ఒక కన్ను తేలదు," వంటింట్లోంచి పిన్ని అంది.

"ఆదివారం చూస్తాలే బాబాయ్."

ఎన్నో ఆదివారాలు పోయాయి. మేం పై వాటాలో ఉండేవాళ్ళం. సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చి, చెప్పులు చేత్తో పట్టుకుని, ఆ కిటికీ ముందు నుంచే పిల్లిలా మెట్లెక్కేదాన్ని. అలికిడి వింటే పిలుస్తాడు, కూర్చుంటే గంట. ఆ పెట్టెని కాలక్షేపమని తీసిపారేసి, కళ్ళు లేని మనిషిని తప్పించుకోవడం ఎంత తేలికో అని కూడా అనుకున్నాను. ఈ మాట రాయడానికి చెయ్యి రావడం లేదు.

బాబాయి పోయిన రెండు వారాలకి పిన్ని ఆ పెట్టె తెచ్చి నా ఒళ్ళో పెట్టింది.

"నువ్వొచ్చే వేళకి ఇది చెవిలో పెట్టుకుని కూర్చునేవారు. కూత దిగగానే 'అదిగో, వచ్చింది' అనేవారు. కేకెయ్యనా అంటే, 'నీడ పడింది, చప్పుడు లేదు. చెప్పులు చేత్తో పట్టుకున్నట్టుంది. అలిసిపోయిందేమో, పిలవకు' అనేవారు."

పిన్ని మామూలుగానే చెప్పింది. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. డబ్బా అడిగి తీసుకుని, కిటికీ దగ్గర నేల మీద ఒలకబోశాను. గోధుమ, నలుపు, ఎరుపు. రెండు నిమిషాలు పట్టలేదు. ఒకటి కాదు, తొమ్మిది దొరికాయి.

"ఇప్పుడెందుకే అవి?" అంది పిన్ని.

అరచేతిలో పట్టుకుని అలాగే కూర్చున్నాను. అతికించడం నాకు రాదు.